లాకులపాలెం: పాఠకులు శూన్యం

పుస్తకాలు కొనడానికి పెట్టిన ఆఫీసు ఒకటుంది. దాని పూర్తి పేరు రాష్ట్ర గ్రంథ పాఠక సంధాన మండలి. అంత పేరూ పలికేలోగా వినేవాడు బస్సెక్కి వెళ్ళిపోతాడు కనక అందరూ మండలి అంటారు. ఊళ్ళలో ఉండే శాఖా గ్రంథాలయాలకు ఏ పుస్తకం వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో తేల్చేది అదే. చాలా ఏళ్ళు ఆ పని సాఫీగానే నడిచింది. రచయిత పుస్తకం పంపేవాడు. కమిటీ చదివేది, లేదా చదివినట్టు సంతకం చేసేది. పుస్తకం మీద గుండ్రటి ముద్ర పడేది. ఊరికి చేరేది.

ఆ ఏడు జూన్‌లో పన్నెండో నంబరు ఉత్తర్వు వచ్చింది. "రచయితలు పాఠకులకు చేరువ కావలసిన ఆవశ్యకతను గుర్తించిన మండలి, ఇకమీదట సామాజిక మాధ్యమములలో అయిదు వేలకు తక్కువ కాకుండా అనుసర్తలు కలిగిన రచయితల గ్రంథములను మాత్రమే పరిశీలనకు స్వీకరించును. అనుసర్తలు అనగా ఫాలోవర్లు." ఆ చివరి వాక్యం కలిపించడానికి ఒక సెక్షను గుమాస్తా మూడు నెలలు పోరాడాడని ఆఫీసులో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

ఉత్తర్వులో కాలం చేసిన రచయితలనూ మరిచిపోలేదు. ఖాతాలు తెరుచుకోవడానికి వాళ్ళకు మూడు నెలలు గడువిచ్చారు. ఆలోగా స్పందించని దివంగతుల పుస్తకాలను అలమరాల్లోంచి తీసి గోడౌనుకు తరలిస్తామని హెచ్చరించారు. వాళ్ళ మీద జాలి చూపించారనే అనాలి. బతికున్నవాళ్ళకు నెల్లాళ్ళే ఇచ్చారు మరి.

ఆ బతికున్నవాళ్ళలో పానకాలరావు ఒకడు.

పానకాలరావు కాలవల శాఖలో లాకు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. లాకులంటే కాలవకు అడ్డంగా కట్టిన పెద్ద తలుపులు. వాటి మధ్య నీళ్ళు నింపి పడవను పైకి తేవడం, నీళ్ళు వదిలి కిందికి దించడం ఆయన ఉద్యోగం. పడవలు పోయాయి. లాకులు తుప్పు పట్టాయి. ఆయన పట్నంలో ఇల్లు కట్టుకుని, పెరట్లో సొరపాదు పెట్టుకుని, పదమూడేళ్ళు కూచుని 'నీళ్ళు వదిలిన రోజు' అని రెండు వందల నలభై పేజీల నవల రాశాడు. జన్మకో శివరాత్రి అన్నట్టు అదొక్కటే. రెండోది రాసే ఉద్దేశం ఆయనకు లేదు. మొదటిది కూడా పేరు కోసం రాయలేదు.

అందులో ఉన్నదంతా మీరావలి కథ. మీరావలి వడ్ల పడవ నడిపే సరంగు. నలభై ఎనిమిదేళ్ళ కిందట ఒక తుఫాను రోజు, మిట్టమధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవలసినంత మబ్బు పట్టినప్పుడు, లాకులపాలెం లాకు దగ్గర కట్టేసిన అతని పడవ వరదకు ఊగి ఊగి లాకు తలుపును గుద్దడం మొదలుపెట్టింది. తలుపు చెక్క అప్పటికే పుచ్చిపోయి ఉంది. అది విరిగితే కాలవ మొత్తం ఊరి మీద పడుతుంది. మీరావలి కత్తి తీసి పడవను కట్టిన మోకు కోసేశాడు. పడవ కొట్టుకుపోయి మునిగింది. అందులో ఊరివాళ్ళ వడ్లు రెండు వందల బస్తాలు ఉన్నాయి.

పై ఆఫీసరు వచ్చి విచారణ చేశాడు. తలుపు పుచ్చిన సంగతి బయటికి పొక్కితే ఆయన ఉద్యోగానికే ఎసరు. అందుకని 'సరంగు పడవను విడిచి పారిపోయినందున నష్టము వాటిల్లినది' అని రాశాడు. జరిగింది కళ్ళారా చూసినవాడు ఒక్కడే, ఇరవై నాలుగేళ్ళ లాకు గుమాస్తా పానకాలరావు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని ఆఫీసరు వేలు పెట్టి చూపించాడు. పానకాలరావు మూడు చోట్లా సంతకం పెట్టాడు.

ఆ రిపోర్టు మీద సర్కారు ముద్ర వేసి లాకులపాలెం గ్రంథాలయం అరుగు మీద చదివి వినిపించారు. మీరావలిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పేరుకు ముందు 'పారిపోయిన' అని చేర్చారు, అంతే. ఆ మాట ఆయన కొడుకులకు వచ్చింది, మనవలకూ వచ్చింది.

నవల అచ్చయ్యాక పానకాలరావు మొదటి కాపీ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళాడు. మీరావలికి ఎనభై నాలుగేళ్ళు. చదువు రాదు. "నేను చదివి వినిపిస్తాను సరంగు గారూ" అన్నాడు పానకాలరావు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"నా ఒక్కడి చెవులో చెబితే అది చాడీ అవుద్ది గానీ కథవదు గుమాస్తా బాబూ. నాకు తెలీని సంగతా ఏంది? నా మీద మాట ఆ అరుగు మీద పడింది, సర్కారు ముద్రతో పడింది. పోవాలన్నా ఆ అరుగు మీదే పోవాల. ముద్రతోనే పోవాల."

ఆ మాటలో న్యాయం ఉంది. దానికి దారి కూడా ఉంది. లాకులపాలెంలో రోజూ సాయంత్రం ఆరింటికి లైబ్రేరియను అరుగు మీద కుర్చీ వేసుకుని ఒక పుస్తకం పైకి చదువుతుంది. చదువు రానివాళ్ళు, చూపు ఆననివాళ్ళు, ఇంట్లో టీవీ మీద పెత్తనం లేనివాళ్ళు వచ్చి కూచుంటారు. అయితే మండలి ముద్ర ఉన్న పుస్తకమే చదవాలి. ఎప్పుడో ఎవరో ఎన్నికల కరపత్రం చదివిస్తే తలకాయలు పగిలాయట, అప్పట్నుంచీ ఇదీ కట్టుబాటు. కనక పానకాలరావుకు కావలసింది ఒక్క ముద్ర. మీరావలికి ఇంకా ఎన్నాళ్ళు మిగిలుంటాయో తెలియదు కనక, అది త్వరగా కావాలి.

మండలి ఆఫీసులో ఉప సంచాలకులు పుండరీకాక్షరావు గారు ఎంతో మర్యాదగా కూచోబెట్టారు.

"మీ గ్రంథము యొక్క గుణదోషముల జోలికి మేము పోము. మండలి ఆ దశను దాటి వచ్చింది," అన్నారాయన. "మీకు అనుసర్తలు ఎందరు?"

"ఎవరండీ?"

"ఫాలోవర్లు."

పానకాలరావు ఆలోచించాడు. "నా ఫోనులో మా బావమరిది, పాలాయన, గ్యాసు కంపెనీ ఉన్నారండీ."

"అనగా శూన్యం," అని రాసుకున్నారు పుండరీకాక్షరావు గారు.

"నా పుస్తకం ఒక్క లాకులపాలెం వెళితే చాలండీ. అక్కడ వినేవాళ్ళు ఇరవై మందికి పైనే ఉంటారు. రోజూ వస్తారు. వానొస్తే గొడుగేసుకునొస్తారు."

"వారు మిమ్ములను అనుసరించుచున్నారా?"

"వాళ్ళ దగ్గర ఫోన్లుండవండీ. అరుగు మీద కూచుంటారు."

పుండరీకాక్షరావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "చూడండి పానకాలరావు గారూ. పాఠకుడు అనగా అనుసర్త. ఫోను లేనివాడు అనుసర్త కాజాలడు. కనుక వారు పాఠకులు కారు. వారు కూర్చున్న వ్యక్తులు. కూర్చున్న వ్యక్తుల విషయమై మండలి వద్ద నిబంధనలు లేవు."

"మరి చదివేవాళ్ళ సంగతండీ?"

"చదువుట వ్యక్తిగత విషయం. అందులో మండలి జోక్యం చేసుకోదు," అని ఆయన ఒక చీటీ రాసిచ్చారు. రచయితల చేరువ శిక్షణా శిబిరం, మూడు రోజులు, భోజన సదుపాయం కలదు.

శిబిరానికి అరవై మంది రచయితలు వచ్చారు. పాఠం చెప్పడానికి లాస్య అనే అమ్మాయిని పిలిపించారు. అంతకుముందు ఆమె ఒక మిక్సీ కంపెనీని జనానికి చేరువ చేసిందట. పిల్ల కలుపుగోలుది, ఎవరినీ నొప్పించదు. "నేను పుస్తకాలు చదవను సార్," అని మొదటే చెప్పేసింది. "చదివితే ఒక పుస్తకం మీద ఇష్టం, ఒకదాని మీద అయిష్టం వస్తాయి. మన పనికి అది మంచిది కాదు."

రోజుకు మూడుసార్లు జనానికి కనపడాలని చెప్పింది. మొదటి మూడు సెకన్లలో ఏదో ఒకటి జరగాలంది. అన్నిటికన్నా ముఖ్యంగా, వీడియోలో పుస్తకం కనపడకూడదంది. పుస్తకం కనపడగానే జనం వేలితో పైకి తోసేస్తారని లెక్కలు చూపించింది.

"కవిత చదవొచ్చా అమ్మా?" అని వెనక నుంచి ఒక కవి అడిగాడు.

"చదవొచ్చు సార్. మూడు సెకన్లు దాటకుండా. దాటేటట్టయితే ఏదన్నా తింటూ చదవండి."

అందరూ రాసుకున్నారు. శిబిరం ఫలితాలు నెల తిరక్కుండానే వచ్చాయి. పాత నాణేల మీద ముప్పై ఏళ్ళు పరిశోధన చేసిన ఒక పెద్దాయన కూచున్న పాటున పదహారు మిరపకాయ బజ్జీలు తిని ఏడు వేల మందిని సంపాదించాడు. ఆయన నాణేల పుస్తకానికి ముద్ర పడింది, ఆయన గొంతుకు పుండు పడింది. ఇద్దరు విమర్శకులు రోజూ పొద్దున ఎనిమిదింటికి కెమెరా ముందు పోట్లాడుకుందామని ముందే మాట్లాడుకుని మొదలుపెట్టారు. ఇద్దరికీ అయిదు వేలు దాటాయి. ఇప్పుడు నిజంగానే మాటల్లేవు. కాలం చేసిన రచయితలు గడువులోగా స్పందించే సూచనలు కనపడకపోవడంతో మండలే దయతలచి, ఆఫీసు అటెండర్లకు తలా నలుగురు దివంగతులను పంచి ఖాతాలు నడపమంది. ఒక అటెండరు పొరపాటున రెండు వందల ఏళ్ళ తేడాతో పుట్టిన ఇద్దరు కవుల చేత పరస్పరం పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పించాడు. మండలి దాన్ని సాహితీ సౌభ్రాతృత్వం కింద నమోదు చేసింది.

పానకాలరావుకు బజ్జీలు పడవు. పోట్లాడటానికి మనిషి లేడు. ఉన్నది నవల ఒక్కటే. పెరట్లో సొరపాదు కింద కుర్చీ వేసుకుని, ఫోనును నీళ్ళ బిందెకు ఆనించి, రోజూ ఒక పేజీ చదివాడు. పది రోజులకు పదకొండు సార్లు చూసినట్టు లెక్క వచ్చింది. అందులో ఎనిమిది సార్లు చూసింది ఆయనే.

పదకొండో రోజు ఆయన పదకొండో పేజీలో లాకు తలుపు వర్ణిస్తూ ఉండగా, వెనకనుంచి భార్య భ్రమరాంబ వచ్చింది. ఫోను పనిచేస్తోందని ఆవిడకు తెలియదు.

"ఏవండీ, ఆ బిందెకి చెప్పే కబుర్లు అయితే ఈ సొరకాయ కోసిపెట్టండి. రేపు కోస్తానని మొన్న అన్నారు, ఎల్లుండి కోస్తానని నిన్న అన్నారు. లాకులు, లాకులు, లాకులు. కాలవలో కాపరం చేసినట్టే ఉంది నా బతుకు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి పడవెక్కించండీ అంటే డ్యూటీ అన్నారు. ఇప్పుడు పుస్తకంలో ఊరందర్నీ ఎక్కిస్తున్నారు. నాకు మాత్రం ఈ సొరకాయే గతి."

పానకాలరావు ఆ ముక్క తీసేయడం చేతకాక అలాగే పెట్టేశాడు. సాయంత్రానికి తొమ్మిది వేల మంది వచ్చారు. వారానికి నలభై ఒక్క వేలు దాటారు. 'అమ్మ చెప్పింది అక్షరాలా నిజం' అని ఒకరు, 'ముందు పడవెక్కించండి అంకుల్' అని ఒకరు. అన్నిటికన్నా ఎక్కువమంది అడిగింది, సొరకాయ కోశారా లేదా అని. లాకు అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు.

భ్రమరాంబ మొదట నెత్తి కొట్టుకుంది. వీధిలో తలెత్తుకుని ఎలా తిరగాలని రెండు పూటలు అన్నం మానేసింది. మూడోపూట ఫోను ఇలా ఇవ్వమని అడిగి చూసింది. "ఎవరో తణుకు నుంచి అట. 'మా ఇంట్లోనూ అంతే వదినా' అని రాసింది. ఎంత బాగా మాట్లాడిందో," అంది. ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

మండలి పిలిచింది. పానకాలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముద్ర పడ్డట్టేనని సంబరంగా, భార్యను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. అయిదుగురు సభ్యుల కమిటీ, మధ్యలో పుండరీకాక్షరావు గారు.

"చేరువ విశ్లేషణ జరిపించాము," అన్నారాయన. "నలభై ఒక్క వేల రెండు వందల పదహారు మంది అనుసర్తలు. అభినందనీయం. అయితే వీరిలో మిమ్ములను ఉద్దేశించి చేరినవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు మీరే. తక్కినవారందరూ శ్రీమతి భ్రమరాంబ గారి అనుసర్తలు."

"అవునండీ. ఒకే ఇల్లు కదండీ."

"ఇల్లు ఒకటే. పాఠకులు వేరు. రచయిత అనగా ఎవరు? పాఠకులు కలవారు. పాఠకులు ఎవరికి కలరు? శ్రీమతి భ్రమరాంబ గారికి. కనుక 'నీళ్ళు వదిలిన రోజు' నవలకు రచయిత్రి వారే. దానిని ఎవరు రాశారన్నది కేవలం సాంకేతికాంశము."

భ్రమరాంబ కంగారుగా లేచింది. "నేను శుభలేఖల మీద పేర్లు తప్ప జన్మలో ఏమీ రాయలేదండీ."

"అందువలననే మీ శైలి కలుషితం కాలేదమ్మా," అన్నాడు ఒక సభ్యుడు.

"ఆయన పదమూడేళ్ళు రాశారయ్యా. నేను చూస్తూనే ఉన్నా. పూటపూటా టీ పెట్టిచ్చా."

"రచనా ప్రక్రియలో ఆద్యంతం పాల్గొన్నారు. నమోదు చేసుకోండి," అన్నారు పుండరీకాక్షరావు గారు గుమాస్తాతో.

"నేనొప్పుకోను," అంది భ్రమరాంబ. పానకాలరావు ఆవిడను వరండాలోకి తీసుకెళ్ళాడు. ఆయనకూ బాధ లేకపోలేదు. పదమూడేళ్ళు రాసిన దాని మీద పేరు పోతుందంటే ఎవరికి ఉండదు. కానీ సరంగు గారి ఎనభై నాలుగేళ్ళు ఆయనకు గుర్తొచ్చాయి.

"నా పేరు లేకపోతే పోయిందిలే. ముద్ర పడితే చాలు. ఆయన వింటే చాలు," అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, ముందు తనే లోపలికి నడిచింది. లోపలికొచ్చాక గుమాస్తా కాగితాలు పరిచాడు. అందులో భాష ముందు పన్నెండో నంబరు ఉత్తర్వు పాలు తాగే పిల్ల. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ," అని గుమాస్తా వేలు పెట్టి చూపించాడు. భ్రమరాంబ ఒకచోట పెట్టింది. పానకాలరావు మూడు చోట్లా చదవకుండా పెట్టేశాడు. ఒకసారి కాలు జారినవాడు అదే గట్టున రెండోసారి చూసి నడుస్తాడంటారు గానీ, అది అందరికీ వర్తించదు.

మండలి కొత్తగా అచ్చు వేయించిన పుస్తకాలు ఊళ్ళకు వెళ్ళాయి. రచయిత కాపీ ఆఖరున పంపడం మండలి ఆనవాయితీ. లాకులపాలెం లైబ్రేరియను కరుణకుమారి మాత్రం ఫోను చేసి కబురు చెబుతూనే ఉంది. చదవడం మొదలుపెట్టింది. జనం పెరిగారు. నలభై ఎనిమిదేళ్ళుగా రోడ్డవతల టీకొట్టు బల్ల మీద కూచుని వినే మీరావలి నాలుగో రోజున అరుగెక్కాడు. ముందు వరసలోనే కూచుంటున్నాడు. పదో రోజు పొద్దున ఆమె మళ్ళీ ఫోను చేసింది. "ఇవాళ ఆఖరి అధ్యాయం సార్. మీరూ అమ్మగారూ రండి. తాత తెల్ల చొక్కా ఉతికించుకున్నాడు."

అదే రోజు సాయంత్రం నాలుగింటికి పోస్టులో పానకాలరావు కాపీ వచ్చింది. అట్ట మీద భ్రమరాంబ ఫొటో, చేతిలో సొరకాయ. లోపల ఆఖరి అధ్యాయం దాకా ఒక్క అక్షరం మారలేదు. కమిటీలో ఎవరూ చదవలేదు కనక మారే ప్రమాదం కూడా లేదు. అక్కడ మాత్రం, రచయిత సమాచారార్థం అని, ఒక చీటీ అంటించి ఉంది.

'రచయితల సమ్మతి మేరకు నవల ముగింపు అనుసర్తల నిర్ణయమునకు విడువబడినది. సరంగు మోకు కోసినాడా, పారిపోయినాడా అను ప్రశ్నకు, పారిపోయినాడు అని ఇరవై తొమ్మిది వేల మంది, కోసినాడు అని నాలుగు వేల మంది అభిప్రాయపడిరి. తక్కినవారు సొరకాయ విషయమై విచారించిరి. మెజారిటీ అభిప్రాయము మేరకు సవరించడమైనది.'

పానకాలరావు మండలికి ఫోను కలిపాడు. "అయ్యా, అది నేను కళ్ళారా చూసిందండీ. ఆయన పారిపోలేదు. మోకు కోశాడు. నేను లాకు గదిలో ఉన్నాను."

"కాదనుట లేదు," అన్నారు పుండరీకాక్షరావు గారు. "మీరొకరు చూశారు. ఇరవై తొమ్మిది వేల మంది చూడలేదు. చూసిన ఒక్కరి అభిప్రాయమును చూడని ఇరవై తొమ్మిది వేల మంది మీద రుద్దుట ప్రజాస్వామికం కాదు కదా. పైగా మీ సమ్మతి ఉన్నది. మూడు చోట్ల."

కరుణకుమారికి ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రాలు ఆమె ఫోను అరుగు మీద వేరే ఉద్యోగంలో ఉంటుంది. పానకాలరావు కుర్చీలో కూలబడ్డాడు. భ్రమరాంబ చీటీ చదివింది. రెండోసారి కూడా చదివింది.

"లేవండి. అయిదింటి బస్సుంది," అంది.

వాళ్ళు చేరేసరికి అరుగు నిండిపోయింది. ముప్పై మంది దాకా ఉన్నారు. కొందరు మెట్ల మీద, కొందరు సైకిళ్ళ మీద కాలు నేల మోపి. మండలి ఆదేశం ప్రకారం, చదివేది అనుసర్తలకు కనపడేట్టు, ఒక స్టాండుకు ఫోను బిగించి కరుణకుమారి మొహానికి ఎదురుగా పెట్టుకుంది. ఒళ్ళో పుస్తకం, పక్కన ఫోనులో చూసేవాళ్ళ లెక్క రాసే రిజిస్టరు. ముందు వరసలో మీరావలి, తెల్ల చొక్కా, తెల్ల టోపీ, చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని. జనాన్ని తప్పించుకుని పానకాలరావు ముందుకు వచ్చేలోగా ఆమె ఆ పేజీకి వచ్చేసింది.

"'మీరావలి ఊరి వైపు చూశాడు. లాకు తలుపు వైపు చూశాడు. నడుములో దోపిన కత్తి తీశాడు,'" అని చదివి, ఆమె పేజీ తిప్పింది. "'అప్పుడు సరంగు పడవను విడిచి పారిపోయాడు.'"

ఆమె ఆగింది. పేజీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది.

"దాని మీద ముద్ర ఉందా అమ్మా?" అని అడిగాడు మీరావలి.

"ఉంది తాతా," అంది కరుణకుమారి.

"మళ్ళా దాని మీదే పడింది," అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. కర్ర నేలకు ఆనించి లేవబోయాడు.

పానకాలరావు ఆయన భుజం పట్టుకుని కూచోబెట్టాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో ఆయన ఎప్పుడూ నలుగురిలో మాట్లాడలేదు. భ్రమరాంబ వెనక నిలబడింది.

"ఆ ముక్క అబద్ధం," అన్నాడు. "నాడు రిపోర్టులో రాసిందీ అబద్ధమే. లాకు తలుపు పుచ్చిపోయి ఉంది. పడవ గుద్దుకుంటే విరిగేదే. విరిగితే ఈ ఊరుండేది కాదు. సరంగు గారు నడుం లోతు నీళ్ళలో నిలబడి మోకు కోశారు. నేను లాకు గది కిటికీలోంచి చూశాను. ఆఫీసరు చెప్పమన్న అబద్ధానికి సాక్షి సంతకం పెట్టింది నేను. మూడు చోట్ల పెట్టాను. ఆయన పారిపోలేదు. పారిపోయింది నేను."

మెట్ల మీద నుంచి కోటమ్మ లేచింది. మునిగిన వడ్లలో ముప్పై బస్తాలు వాళ్ళింటివి. ఆ ఏడు వాళ్ళు గంజి తాగి బతికారు.

"మరి ఇన్నేళ్ళూ ఈ మాట చెప్పలేదేందయ్యా?"

పానకాలరావు తల దించుకున్నాడు. "పుస్తకం రాస్తున్నానమ్మా."

"లాకుల కాడ్నుంచి ఈ అరుగు ఫర్లాంగు కూడా లేదు గదయ్యా," అంది కోటమ్మ. తిట్టడానికి అనలేదు. ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

ఫోనులో ఆ సమయానికి ఇద్దరు చూస్తున్నారు. వెనకాల భ్రమరాంబ కనపడేసరికి ఇద్దరూ సొరకాయ సంగతి అడిగారు. ఆవిడ చెయ్యి చాచి ఫోను బోర్లా పెట్టేసింది. అది బోర్లా పడితే చూసేవాళ్ళు లేనట్టేనని మండలి నియమం కనక, కరుణకుమారి అలవాటు ప్రకారం రిజిస్టరు తీసి ఆ రోజు తేదీ వేసి, పాఠకులు అన్నచోట శూన్యం అని రాసింది. రాసి, పుస్తకంతో పాటు దాన్నీ మూసి పక్కన పెట్టింది.

ఈలోగా టీకొట్టు బల్ల మీదివాళ్ళు రోడ్డు దాటి వచ్చారు. పాలకేంద్రం దగ్గర నిలబడ్డవాళ్ళు క్యాన్లతో సహా వచ్చారు. ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. మీరావలి వాళ్ళందరినీ ఒకసారి కలయజూశాడు. కర్ర మళ్ళీ మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పు గుమాస్తా బాబూ," అన్నాడు. "ఎనకొచ్చినోళ్ళకి ఇనపళ్ళేదు."

పానకాలరావు గొంతు సవరించుకుని, ఈసారి కొంచెం గట్టిగా, మొదట్నుంచి మొదలుపెట్టాడు.